బియ్యపుగింజంత తేడా

మొన్న శుక్రవారం పొద్దున చాచా కొడుకు మా గేటు దగ్గర నిలబడి, "మా అబ్బ పోయిండు మేడం" అన్నాడు. చాచా గోదావరిఖనిలో కార్లు బాగుచేసేవాడు. మా జ్యోతినగర్ క్వార్టర్లలో కారున్న వాళ్లందరికీ ఆయన చాచానే. నాకు ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. ఇక మా కారు కింద దూరి చూసి, "పోవచ్చు మేడం" అని చెప్పేదెవరు?

నేను పిరికిదాన్ని. అందులో దాచుకునేదేమీ లేదు. లారీ ఎదురొస్తే చాలు, మా ఆయన మోచేయి గిల్లేస్తాను. ఆయన నవ్వుతాడు. చాచా మాత్రం ఎన్నడూ నవ్వలేదు. "భయం మంచిదే మేడం. భయమున్నోడే నట్టు రెండోసారి బిగిస్తడు" అనేవాడు.

మాది రెండు తలుపుల పాత ఇంగ్లండు కారు, అగ్గిపెట్టెంత. పదేళ్ల కిందట మా ఆయన హైదరాబాదు పాత సామాన్ల బజారు నుంచి దానికి నాలుగు అల్లాయ్ చక్రాలు తెచ్చాడు. అల్యూమినియం కలిపి పోతపోసినవి, వెండి కంచాల్లా మెరుస్తున్నాయి. అవి నిజంగా ఇంగ్లండువా, ఇక్కడెవరైనా పోసినవా అన్నది చాచాయే తేల్చాలి. ఆయన ఒకప్పుడు బొగ్గుగని వర్క్‌షాపులో పోతపని చేసినవాడు. ఏ చక్రం తెచ్చినా ముందువైపు చూసేవాడే కాదు. "మొకం ఎవడన్న తోముతడు, ఎనక తిప్పి చూడాలె" అంటూ బోర్లించేవాడు. వెనక ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాల మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ ములుకు నాలుకకు అద్దుకుని రుద్దేవాడు. అక్షరాలు కాగితం మీదికి లేచి వచ్చేవి. అలాంటి కాగితాలు ఆయన దగ్గర ఒక బిస్కెట్ డబ్బా నిండా ఉండేవి.

మా చక్రాల వెనకా కంపెనీ అక్షరాలున్నాయి. ఆదివారం మందమర్రిలో స్నేహితుడి ఇంటికి వాటితోనే వెళ్లాలని మా ఆయన ఒకటే తొందర. చాచా కాగితం రుద్దుకుని, "అసలువే సాబ్" అని బిగించి పంపేశాడు.

ఆదివారం నాకు తలనొప్పి, ఇంట్లో ఉండిపోయాను. మా ఆయనా, ఆరేళ్ల మా పాపా బయల్దేరిన పావుగంటకు చాచా స్కూటర్ మీద వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో రెండు కాగితాలు.

"సాబ్ ఏడి మేడం?"

"మందమర్రి వెళ్లారు. పాప కూడా వెళ్లింది. ఏమైంది చాచా?"

"యా అల్లా! గలతీ చేసిన మేడం."

రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఎండకు పట్టాడు. కిందిది ఆ బిస్కెట్ డబ్బాలోది, ఎప్పుడో ఒక ఆఫీసరు కారుకున్న అసలు చక్రానిది. పైది మాది. అవే అక్షరాలు. మొదటి అక్షరం సరిగ్గా దాని మీదే కూర్చుంది. చివరికొచ్చేసరికి మాది బియ్యపుగింజంత వెనకబడింది.

"అసలు చక్రాన్నే మట్టిల ఒత్తి అచ్చు తీసిండ్రు. గందుకే అక్షరాలు గూడ వచ్చినయ్. పోసినంక చల్లారితె లోహం గుంజుకపోతది, జరంత చిన్నగైతది. పాత గిన్నెలు, పిస్టన్లు, ఏది దొరికితె అది కరగబెట్టి పోస్తరు. లోపట బుడగలుంటయ్ మేడం."

"ఉంటే?"

ఆయన అప్పటికే స్కూటర్ తిప్పుతున్నాడు. "జల్ది కూసోండ్రి" అన్నాడు.

ఇంటికి తాళం కూడా వేయలేదు. స్కూటర్ మీద వెనక కూర్చున్నందుకు క్వార్టర్లలో ఏమనుకుంటారో అన్న ధ్యాసే లేదు. దారిలో ఎక్కడ నలుగురు గుమిగూడి కనిపించినా అక్కడ మా కారుందేమోనని మెడ చాచేదాన్ని. ఒకచోట చూస్తే కోడిని బేరమాడుతున్నారు! గోదావరి వంతెన మీద రెయిలింగ్ ఎక్కడైనా విరిగి ఉందేమోనని వెతుక్కుంటూ, తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను. ముందు కూర్చున్న చాచా కూడా ఏదో గొణుగుతున్నాడు. ఆయనా దేవుణ్ణే పిలుస్తున్నాడని అర్థమయ్యాక ఇక రెయిలింగ్ వైపు చూడలేకపోయాను.

వంతెన దాటాక చెరకురసం బండి పక్కన మా కారు ఆగి ఉంది. పాప గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క ఉదుటున వెళ్లి దాన్ని వాటేసుకున్నాను. "అమ్మా, ఒలికిపోయింది!" అని అది ఏడుపు లంకించుకుంది.

విషయం విని మా ఆయన అందరిముందూ మండిపడ్డాడు. "అసలువని నువ్వేగా అన్నావు చాచా!"

"నేనే అన్న సాబ్. గలతీ నాదే."

మీరే తొందరపెట్టారని చాచా ఒక్క మాట అనొచ్చు. అనలేదు. జాకీ పెట్టి ముందు చక్రం విప్పాడు. స్కూటర్ డిక్కీలోంచి కిరోసిన్ తీసి వెనకవైపు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. కాసేపటికి ఆ తెల్లటి పొడిలో బోల్టు రంధ్రం నుంచి అంచు వైపు లోపలికి ఇంకిన కిరోసిన్ ఒక తడిగీతలా తేలింది. చిటికెన వేలంత పగులు. మా ఆయన వంగి ఆ గీతనే చూశాడు. నేను పాపను కారుకు దూరంగా లాక్కున్నాను.

ఆ చక్రాలు ఇంకొకరి కారుకు ఎక్కకుండా చాచా నాలుగింటినీ సుత్తితో పగలగొట్టాడు. ఆ తర్వాత ఎవరెంత తొందరపెట్టినా, రెండు కాగితాలు ఎండకు పట్టకుండా మాట చెప్పలేదు. మా పాప ఇప్పుడు పదో తరగతి. తప్పయిందని తెలిశాక చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగని మనిషి ఆయన. ఆ రుణం తీరేది కాదు.

ఆరోజు అందరికంటే ఎక్కువ భయపడింది నేనే అనుకున్నాను. పాప ఏడుపు మాని, గ్లాసులో మిగిలిన రసం చాచాకు అందించింది. "తాగు చాచా" అంది. కరిగిన లోహం పట్టిన ఆ చేతులు రెండూ కలిపి పట్టుకున్నా, గ్లాసు ఆయన పళ్లకు టకటకా తగులుతూనే ఉంది.