కాళ్లు లేని డయల్

ఒక వస్తువును అతిగా ప్రేమించే మనిషికి దాని లోపాలు కనిపించవని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. వస్తువులు పోగుచేసేవాళ్ల గురించైతే ఈ మాట మరింత ధీమాగా అంటారు. ఇది పూర్తిగా అబద్ధమని చెప్పడం కష్టం. పూర్తిగా నిజం కాదని చెప్పడానికి మాత్రం ఒక మనిషి ఉంది.

ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. చిన్నాపెద్దా అందరికీ ఎక్స్‌రే అక్క. ఆ గదిలోకి వచ్చినవాళ్లు ఉంగరాలు, గొలుసులు, గడియారాలు తీసి ట్రేలో పెట్టాలి. రోగిని బల్ల మీద సరిగ్గా పడుకోబెట్టి వెనక్కి తిరిగేటప్పుడు ఆమె చూపు ఆ ట్రే మీద ఒక్కసారి వాలుతుంది. అందులో కీ ఇచ్చే పాత చేతి గడియారం కనబడిందా, ఇక ఆ పూటంతా ఆమెకు ఆకలి కూడా గుర్తుండదు. ఇంట్లో బీరువా సొరుగు నిండా అలాంటివే. పొద్దున్నే కాఫీ కన్నా ముందు వాటన్నిటికీ కీ తిప్పుతుంది.

ఊళ్లో ఇదే పిచ్చి ఉన్నవాళ్లు ఒక బృందంగా చేరి, ఏటా గ్రంథాలయం హాల్లో ప్రదర్శన పెడతారు. అన్ని భాగాలూ పుట్టుకతో వచ్చినవే అయితే ఆ గడియారం అద్దాల పెట్టెలోకి వెళ్తుంది. ఒక్క భాగం బయటినుంచి వచ్చినా పక్క బల్ల మీదికి. ఏది ఎక్కడికో తేల్చేదీ, ఆ పెట్టె తాళం దగ్గర ఉంచుకునేదీ ఎక్స్‌రే అక్క. ఆమె చూపులో ఎంత నిశితత్వం ఉందో నాలుకలో అంతకు మించిన పదును ఉంది.

నిరుడు లెక్కల మాస్టారు తన గడియారాన్ని రుమాల్లో చుట్టి తెచ్చాడు. ఆమె కంటికి భూతద్దం పెట్టుకుని చూసి తేల్చేసింది.

"మాస్టారూ, ఇది అతుకుల బొంత. పక్క బల్ల మీద పెట్టండి."

"మా నాన్నగారి చేతికి ఉన్నదమ్మా ఇది!"

"చెయ్యి నాన్నగారిదే. ముళ్లే ఎవరివో."

హాలంతా ఘొల్లుమంది. తీర్పులో తప్పు లేదు. కానీ ఆ తరవాత మాస్టారు ఆమె ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లిపోయేవాడు.

అద్దాల పెట్టెలో నడిమధ్య చోటు ఎప్పుడూ ఆమె గడియారానిదే. అది అత్తగారు ఇచ్చినది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్చేంజీలో పని చేసినన్నాళ్లూ మగవాళ్ల గడియారమే పెట్టుకుంది. కోడలు ఉద్యోగంలో చేరిన రోజున దాన్ని విప్పి ఆమె చేతికి కట్టి, "ఆడవాళ్లకని చేసేవాటిలో అంకెలు వెతుక్కోవాలి. ఇది పెట్టుకో" అంది. ఆమె పిచ్చికి మొదలు అక్కడే.

మిగతా గడియారాలను ఆమె తానే విప్పి శుభ్రం చేసుకుంటుంది. ఆ పని నేర్పింది ఊళ్లో గడియారాలు బాగుచేసే దుకాణం ఉన్న గడియారాల బాబాయి. అత్తగారి గడియారాన్ని మాత్రం ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "దానికి నా చెయ్యే అలవాటు" అనేవాడు. ఈ ఏడు చూపు మందగించి ఆయన దుకాణం మూసేశాడు. ప్రదర్శన దగ్గరపడటంతో ఆమె మొదటిసారి దాని మూత తానే తీసింది.

అంకెలుండే బిళ్ల, డయల్, దాని వెనక రెండు సన్నని కాళ్లు ఉంటాయి. అవి కింది మిషనులోని రంధ్రాల్లో దిగి డయల్‌ను కదలకుండా పట్టుకుంటాయి. ఈ డయల్‌కు కాళ్లు లేవు. ఎవరో మొదలంటా కోసేసి జిగురుతో అంటించారు. విరిగిన కాళ్లను రోజూ చూసే మనిషి, ఈ కాళ్లు లేని డయల్‌ను భూతద్దం కింద తిప్పి తిప్పి చూసింది. మర్నాడు సాయంత్రం బాబాయి ఇంటికి వెళ్లింది.

"బాబాయ్, మా అత్తగారి గడియారం డయల్ మార్చావా?"

"మార్చాను. ఇన్నాళ్లకు చూశావా?"

"ఎందుకు చెప్పలేదు?"

"నీకు గుర్తుందా, చీకటి గదిలో ఫిల్ములు కడుగుతూ ఆ మందునీళ్లు దాని మీద ఒలకబోసుకున్నావు. డయల్ పొక్కులొచ్చి పాడైపోయింది. 'అత్తయ్యకు ఏం చెప్పను' అని నా దుకాణం మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు. చూడ్డానికి అలాగే ఉండే వేరే గడియారం దొరికితే దాని డయల్ వేశాను. కాళ్లు ఈ రంధ్రాల్లో పట్టలేదు. కోసేశాను."

"శుభ్రం చేశానన్నావు కదా!"

"చేశాను కూడా. అయినా అమ్మాయ్, ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తెలిసినా నువ్వు రోగితో చెప్తావా?"

"నేను చెప్పకూడదు. డాక్టరుగారు చెప్తారు."

"నాకు పైన డాక్టరెవరూ లేరు మరి. నేనే దాచాను. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు, నాకేం నామోషీ లేదు."

ఇంటికొచ్చి అత్తగారితో విషయం చెప్పింది. ఆవిడ పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఆ సంగతి నాకెప్పుడో తెలుసు. నా దాంట్లో తొమ్మిది పక్కన మచ్చ ఉండేది. నువ్వు బాగుచేయించి తెచ్చాక అది లేదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"నీకిచ్చేశాక దాని మొహంతో నాకేం పని? టైము సరిగ్గానే చూపిస్తోందిగా!"

అంటే మచ్చ పోయిన సంగతి కనిపెట్టలేనిది ఆమె ఒక్కతే. లోకాభిప్రాయం ఇంతవరకూ నెగ్గింది.

ఆ వారమంతా ఆమె మనసులో ఒక వాదం పెరిగింది. మనిషి ఒంట్లోనూ అన్నీ మారుతూనే ఉంటాయి, అయినా మనిషి ఆ మనిషే. ఒక భాగం మారినంత మాత్రాన గడియారం ఆ గడియారం కాకుండా పోతుందా? వాదం బలమైనదే, పెద్ద పెద్ద ఆలోచనాపరులు తలలు పట్టుకున్న ప్రశ్నే. అయితే మాస్టారి గడియారం ముందు ఇది ఆమెకు తట్టలేదు. తన గడియారం దాకా వచ్చాకే తట్టింది. ఒక ఆలోచన ఎంత సత్యమో తేల్చడం కష్టం కావచ్చు, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో తెలుసుకోవడం అంత కష్టం కాదు. ఈ సంగతి ఆమె ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. నిబంధనను సడలించే అధికారం ఆమె చేతిలోనే ఉంది. నోరు మెదపకుండా నడిమధ్య చోటు ఉంచుకోవడం అంతకన్నా సులువు.

ప్రదర్శన రోజున మాస్టారు పక్క బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఇది నీదేగా? ఇక్కడుందేం?"

"అతుకుల బొంత, మాస్టారూ. మీ పక్కన కాస్త చోటిస్తారా?"

ఆయన వంగి చీటీ చదివాడు. పై కేసు, లోపలి మిషను అత్తగారివనీ, డయల్ మరొక గడియారానిదనీ, మార్చినది ఫలానా బాబాయి అనీ, పాడుచేసినది తాననీ అందులో ఉంది. ఆయన మీసాల చాటున నవ్వుకున్నాడు.

"మరి అద్దాల పెట్టె తాళం ఎవరికిస్తున్నావు?"

"ఎవరికీ ఇవ్వను. నా దగ్గరే ఉంటుంది."

"అబ్బో! ఇంత జరిగాక కూడానా?"

"ఇంత జరిగింది కాబట్టే. ఇంకెవరి గడియారాన్నైనా వదిలిపెడతాననుకున్నారా? నిరుడు మీతో అన్న మాట సరైనదే మాస్టారూ. అన్న తీరే బాగాలేదు. అంతమందిలో మీ నాన్నగారిని లాగకుండా ఉండాల్సింది."

మాస్టారు తన గడియారాన్ని కొంచెం పక్కకు జరిపాడు.

ఆ ఏడు అద్దాల పెట్టెలో నడిమధ్య చోటు ఖాళీగానే ఉండిపోయింది. దానికి తగినది రాలేదని ఆమె నిర్ణయించింది. పాత రకం డయల్ కోసం వెతకవద్దని, ఇప్పుడున్నదే ఉంచుకోవాలని కూడా నిర్ణయించింది. ప్రదర్శన ముగిశాక ఆ గడియారాన్ని తీసి, కీ తిప్పి, చేతికి కట్టుకుని పనికి వెళ్లింది.