రంగులు అడిగి నీడలు అచ్చువేసిన రాయుడు సార్

ఆళ్ళగడ్డలో మా వంటింట్లో పప్పు ఎనుపుతుండగా ఫోన్ మోగింది. నంద్యాల నుంచి మా గురువుగారి భార్య సరోజమ్మ. "మీ సారు పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నాడు పద్మా. ఇంగ లేయలేదు" అన్నారు. ఫోటోగ్రాఫర్ రాయుడు సార్ పరమపదించారన్న వార్త చెవికి చేరింది గానీ మనసుకు ఎక్కలేదు. ఫోన్ పెట్టేసి మళ్ళీ పప్పు ఎనుపుతూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి చేతిలోని పప్పుగుత్తి తీసుకున్నాడు.

రాయుడు సార్ పత్రికలకెక్కిన మనిషి కాదు. డార్క్‌రూమ్ ఉన్న రోజుల్లో నలుపు తెలుపు చిత్రాలకు నంద్యాల చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. తొంభైల్లో రంగుల ఫోటోలు వచ్చాక ఫిల్ములు ల్యాబుకు పంపి నెట్టుకొచ్చారు. ఆ తర్వాత కంప్యూటర్ వచ్చి, రంగులు స్టూడియోలోనే దిద్దుకోవలసి రావడంతో చిక్కు మొదలైంది. ఒక షావుకారు గారింటి పెళ్ళి ఆల్బమ్ ఇస్తే, ఆయన నాలుగు పేజీలు తిప్పి, "ఏందప్పా, పెండ్లికూతురికి కామెర్లు తెప్పిచ్చినావే" అని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

నేను అప్పుడే కంప్యూటర్ పనికి చేరాను. తెర చూసి, "సార్, మొహాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి" అన్నాను. "యాడ?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది. సార్ తలుపు దగ్గరికి వేసి, "పుట్టినప్పటి నుంచి నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకటే మాదిరి అగుపిస్తాయమ్మా. ఊర్లో తెలిస్తే నాకు పని ఎవురిస్తారు?" అన్నారు. ఆ రహస్యాన్ని ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. ఈ వ్యాసంలో చెప్పవచ్చా అని సరోజమ్మను అడిగితే, "ఇంగ దాచేదేముంది, రాయి" అన్నారు.

పెళ్ళిళ్ళ రంగులు నా పాలికి వచ్చాయి. సార్ తన పాత లోకానికి వెళ్ళిపోయారు, ఈసారి కంప్యూటర్ దారిలో. రంగుల ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో నలుపు తెలుపుగా మార్చేటప్పుడు ఏ రంగు ఎంత వెలుగుగా పడాలో, ఎంత చీకటిగా పడాలో మనమే నిర్ణయించవచ్చు. చూసి దిద్దుకుంటే చాలు కదా అనేదాన్ని నేను. సార్ ఒప్పుకునేవారు కాదు. "రంగు తెలియకుండా దాని బరువు ఎట్ల తెలుస్తుంది? నువ్వు చెప్పు, నేను తూస్తా" అనేవారు. నేను చెప్పేదాన్ని. నల్లమల కొండ నీలం, గడివేముల దారిలో జొన్నచేను పసుపు, అవుకు రిజర్వాయరు నీళ్ళు ఇదీ అని చెప్పలేని రంగు. ఆయన కళ్ళు మూసుకొని వినేవారు. తర్వాత దళసరి నూలు కాగితం మీద ఆ బొమ్మ ప్రింటర్‌లోంచి అంగుళం అంగుళం దిగివస్తుంటే, ఇద్దరం దానిమీదికి వంగి చూసేవాళ్ళం. తెల్లవారుజామున మంచు విడిపోతుంటే ఊరు కనబడినట్టుండేది. నేను చెప్పిన రంగులేవీ అందులో లేవు, అయినా అన్నీ ఉన్నట్టే తోచేది. "నలుపంటే చీకటి కాదమ్మా. దాంట్లో ఇంగా చూసేది ఉందని అర్థం" అనేవారు.

పెళ్ళై ఆళ్ళగడ్డకు వచ్చాక కూడా రోజూ బస్సులో వెళ్ళివచ్చేదాన్ని. మా వీధి శిల్పి వీరాచారి వాళ్ళ అమ్మ చనిపోతే, ఆమె విగ్రహం చెక్కాలని, ఉన్న ఒక్క రంగు ఫోటో సార్‌కు తెచ్చిచ్చాడు. "రాయికి రంగులు పనికిరావు సామీ, నీడలు కావల" అన్నాడు. పాత ఫోటో, సగం వెలిసిపోయింది. నాకు బస్సు టైమైంది. "చీర ఏం రంగమ్మా?" అని సార్ అడిగితే, చెప్పులు వెతుక్కుంటూ, సరిగా చూడకుండానే, "ముదురెరుపు సార్" అనేశాను. మూడు రోజులు కష్టపడి ఆయన ఆ చీరను ముదురు నీడగా దించారు. ఒడిలో పెట్టుకున్న ఆ తల్లి చేతులు ఆ నీడలో కలిసిపోయాయి. వీరాచారి దాన్ని కళ్ళకద్దుకొని తీసుకుపోయాడు. తర్వాత తెరమీద నింపాదిగా చూస్తే చీర లేత ఆకుపచ్చ.

చెప్పలేదు. చెబితే నా కళ్ళమీద ఆయనకున్న నమ్మకం పోతుందని, ఇక నన్ను ఏ రంగూ అడగరని భయపడ్డాను. ఆయన అడిగినప్పుడల్లా ఆ తప్పు గుర్తొచ్చి, ఒకటికి రెండుసార్లు చూసి చెప్పేదాన్ని. ఆయన అడగడం మాత్రం చివరిదాకా మానలేదు.

మొన్న, సార్ పోయిన ఐదోరోజున, సరోజమ్మ రమ్మంటే వెళ్ళి సార్ కంప్యూటర్ తెరిచాను. వీరాచారి అమ్మ ఫోటో ఫైలు కనబడింది. సార్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో దిద్దుబాటును ఒక్కో పొరగా, ఒకదానిమీద ఒకటి పరిచి పనిచేసేవారు, ప్రతి పొరకూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేరు పెట్టేవారు. కింద పొర: "ఎరుపు, పద్మ చెప్పింది". దానిపైన ఇంకొకటి: "ఆకుపచ్చ, వీరాచారి చెప్పినాడు". పేర్ల పక్కన వేసిన తేదీలను బట్టి రెండూ వారం తేడాలో చేసినవి.

ఆ సాయంత్రమే వీరాచారి ఇంటికి వెళ్ళాను. గోడమీద రెండో ప్రింటు ఉంది. చీర తేటపడి, ఆ తల్లి చేతులు ఒక్కొక్క వేలూ కనబడుతున్నాయి. ఎప్పుడు మార్పించుకున్నావన్నా అని అడిగాను.

"చేతులు యాడ పోయినాయి సామీ, మా యమ్మది చిగురు రంగు చీర కదా అని అప్పుడే పోయి అడిగినా. సారు కూర్చోని మళ్ళా చేసిచ్చినాడు. ఒకటే మాట చెప్పినాడమ్మా. పద్మకు చెప్పొద్దప్పా, ఇంగ ఆ బిడ్డ రంగు చెప్పాలంటే భయపడుతుంది అని."

నేను ఆయన లోపం దాచానని ఇన్నాళ్ళూ లోలోపల గర్వపడ్డాను. ఆయన నా తప్పు దాచి, ఆ తర్వాత కూడా ప్రతి బొమ్మకూ నన్నే పిలిచి, ఏం రంగమ్మా అని అడిగారు. అంతటి గురువు నాకు ఇక దొరకరు. సార్, ఆ చీర ఆకుపచ్చదే. మీకు తెలుసు. అయినా నా నోటితో చెప్పుకొని మీ పాదాలకు మొక్కుతున్నాను.