అర్మాండ్ మిషో బూర, వాళ్ల ఇంటి కమోడ్ కూత

అర్మాండ్ మిషోకి చెప్పుకోవడానికి మూడు గొప్పలున్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరి మంచు తోసే బండి నడిపినా ఎవరి పోస్టుడబ్బానీ పడగొట్టలేదన్నది మొదటిది. ఇంటికి ఏనాడూ ప్లంబర్ని పిలవలేదన్నది రెండోది. మూడోది కిందటేడు కొత్తగా వచ్చి చేరింది. తను బూర ఊదితే అడవిలో ఎక్కడున్నా సరే మగ మూస్ వచ్చి తీరుతుందన్నది.

మొదటిది నిజం. రెండోది కూడా నిజమేనని ఆ ఇంట్లో గొట్టాలని ఒకసారి చూసినవాళ్లెవరైనా ఒప్పుకుంటారు. మూడోదాని దగ్గరే వచ్చింది చిక్కు.

మూస్ అంటే దుప్పి జాతికి పెద్దన్న. గుర్రం కన్నా ఎత్తు, కొమ్ములు చూస్తే నులకమంచం తలకెత్తుకున్నట్టుంటుంది. ఏడాదంతా బుద్ధిగా తిరిగే ఈ జంతువుకి సెప్టెంబరు చివర్లో నది మీద పొగమంచు పట్టేసరికి మతి పోతుంది. ఎక్కడో ఆడ మూస్ ఒక్క కూత కూస్తే చాలు, మగది చెట్లు విరుచుకుంటూ పరిగెత్తుకొస్తుంది. అందుకే ఆ ఉత్తరపు అడవుల వైపు వేటగాళ్లు భూర్జపట్ట చుట్టి బూర చేసి, అందులోంచి ఆడ మూస్‌లా మూలుగుతారు. అందరూ మూలుగుతారు కానీ అందరికీ రాదు. వచ్చినవాడికి పెట్రోల్ బంకులో కాఫీ బల్ల దగ్గర పెద్దమనిషి కుర్చీ.

కిందటి శరదృతువు నుంచీ ఆ కుర్చీ అర్మాండ్‌ది. తెల్లవారుతుండగా ఇంటి వెనక మెట్టు మీద కూర్చుని, పక్కన కాఫీ కప్పు పెట్టుకుని, మేనమామ ఇచ్చిన బూర తీసి ఊదేవాడు. ఎదురుగా బంగాళదుంపల చేను, చేను దాటితే అడవి. పది నిమిషాల్లో చేను గట్టు మీద మగ మూస్ నిలబడి ఉండేది. ఒకనాడు ఒకటి, ఒకనాడు రెండు. మూస్‌ని వేటాడాలంటే సర్కారు లాటరీలో పర్మిట్ తగలాలి, ఆ ఏడు వాళ్లెవరికీ తగల్లేదు గనక ఫొటోలు తీసుకుని బంకులో అందరికీ చూపించడంతోనే సరిపోయింది.

"గొంతులోంచి రావాలి గురువుగారూ," అని కుర్రవాళ్లకీ ముసలివాళ్లకీ ఒకేలా పాఠం చెప్పేవాడు. "ఊపిరితిత్తుల్లోంచి కాదు. మనసులోంచి."

సరిగ్గా ఆ శరదృతువులోనే మిషోల ఇంట్లో కమోడ్ మూలగడం మొదలుపెట్టింది. ఫ్లష్ మీట నొక్కితే ట్యాంకు ఖాళీ అవుతుంది, మళ్ళీ నిండడం మొదలవుతుంది, అప్పుడు వాల్వులోంచి కూత లేస్తుంది. ముందు కడుపునొప్పిలా సన్నగా, తర్వాత పైకి, ఇంకా పైకి, అక్కడ గుండె చెదిరినట్టు వణికి, చివరికి బొంగురుపోయి దిగి, జలజలమని నీళ్ల చప్పుడుతో ముగుస్తుంది. అర్మాండ్ భార్య క్లోడెట్ ఎంత చలైనా బాత్రూం కిటికీ జానెడు తెరిచే ఉంచుతుంది. ఆ కిటికీ ఉన్నది వెనకవైపు, చేనుకి ఎదురుగా. క్లోడెట్ రోజూ నిద్ర లేచేది అర్మాండ్ బూర తీసే వేళకే.

ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. అర్మాండ్‌కి కాలేదు.

క్లోడెట్‌కి ఎప్పుడో అయింది. ఒకరోజు ఆవిడ చేతులు కడుక్కుంటుంటే కిటికీ గాజు మీద బయటినుంచి పళ్ళెమంత ముక్కు ఆని, ఆవిరి పట్టింది. ఆవిడ ఆ ముక్కు వంక చూసింది, కమోడ్ వంక చూసింది, వంటింట్లోకి వెళ్లి నోరు మూసుకుని, ఆ వైపు ప్లాయ్ అనే అట్లు పోసింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో మొగుడు అంత సంతోషంగా ఉండడం ఆవిడ చూసింది రెండుసార్లే. మొదటిసారి కొత్త మంచుబండి వచ్చినప్పుడు.

కానీ ఓర్పుకీ ఒక హద్దుంటుంది. ఈ ఏడు సెప్టెంబరులో ఒక గురువారం చర్చి ఆడవాళ్లు పేకాటకి వాళ్ల ఇంటికి వచ్చారు. కాఫీ మీద కాఫీ తాగారు. మొదట బాత్రూంకి వెళ్లినావిడ బయటికొచ్చేసరికి పేక ముక్కలు పట్టుకున్న ఏడుగురూ తలెత్తి చూస్తున్నారు. గోడలు ఇంకా మూలుగుతున్నాయి. ఆ తర్వాత ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. ఎనిమిదిన్నరకల్లా అందరికీ ఇంట్లో ఏదో పని గుర్తొచ్చింది. కార్ల దాకా మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని నడిచారు.

"శనివారంలోగా బాగుచెయ్," అంది క్లోడెట్. "లేదా ప్లంబర్ని పిలుస్తాను."

రెండో గొప్పకే ఎసరొచ్చింది. అర్మాండ్ శనివారం పొద్దున్నే రెంచీ పట్టుకుని వచ్చాడు. అప్పుడు క్లోడెట్ తలుపు దగ్గర నిలబడి గొణిగింది.

"పోనీ, సోమవారం నుంచి వేట కదా. ఒక్క వారం ఆగరాదూ?"

"రెండు రోజులుగా నా చెవిలో జోరీగలా మోగి, రెంచీ చేతికొచ్చాక ఆగమంటావేంటి?"

"నీ మంచికే చెప్తున్నా."

"నా మంచి నాకు తెలుసులే. తప్పుకో."

ఆవిడ తప్పుకుంది. అర్మాండ్ కమోడ్ వెనకున్న కుళాయి తిప్పి కట్టేశాడు. కట్టేశానని అనుకున్నాడు. ఆ కుళాయి పదిహేనేళ్లుగా తుప్పుతో కాపురం చేస్తోంది, తిరిగినట్టే తిరిగి సగంలో ఆగిపోయింది. వాల్వు మీద మూత నొక్కి తిప్పి తీశాడో లేదో, నీళ్లు నేరుగా పైకప్పుకి తగిలి, అక్కణ్ణించి అర్మాండ్ నెత్తి మీదికి వచ్చాయి. అరచేత్తో మూశాడు. నీళ్లు వేళ్ల సందుల్లోంచి నాలుగు దిక్కులకీ చిమ్మాయి. టోపీతో మూశాడు. టోపీ పైకి లేచింది.

"ప్లంబర్ని పిలవనా?" అని హాల్లోంచి వినబడింది.

"వద్దు! అనుకున్నట్టే జరుగుతోంది!"

చివరికి నేలమాళిగలోకి కాళ్లు జారుతూ వెళ్లి ఇల్లంతటికీ నీళ్లు కట్టేసి వచ్చాడు. వాల్వు మూతలో గుండీ అంత రబ్బరు బిళ్ళ ఉంది. ఎండి గట్టిపడి, అంచు చీలిపోయింది. నీళ్లు తోసుకొచ్చినప్పుడల్లా ఆ చీలిక వణికి కూత పెడుతోందన్నమాట. ఇనుప సామాన్ల కొట్లో కొత్త బిళ్ళ తెచ్చి వేశాడు. పాతదాన్ని, ఆ ఇంట్లో దేన్నీ పారేసే అలవాటు లేదు గనక, మేకుల డబ్బాలో పడేశాడు. మీట నొక్కాడు. పిల్లి పాలు తాగినంత చప్పుడు కూడా లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు తడి చొక్కాతో ఛాతీ విరుచుకుని.

"బావుంది," అంది క్లోడెట్. ఎంతో జాలిగా అంది.

ఆ ఏడు పర్మిట్ తగిలింది క్లోడెట్ తమ్ముడు గిల్మన్‌కి. ఇరవై రెండేళ్లు లాటరీలో పేరు వేస్తే ఇప్పటికి పలికింది. వేట సోమవారం నుంచి శనివారం దాకా, ఆరు రోజులు. మళ్ళీ ఎప్పుడు తగులుతుందో, అప్పటికి మోకాళ్లు ఉంటాయో లేదో. అందుకని వేరే ఎవరినీ అడక్కుండా బావ దగ్గరికే వచ్చాడు. "నువ్వు పిలువు బావా, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. బంకులో పదిమంది ముందు అర్మాండ్ ఛాతీ మీద చెయ్యేసుకుని మాటిచ్చాడు.

సోమవారం చీకటితో ఇద్దరూ వేటగాళ్ల నారింజరంగు కోట్లు తొడుక్కుని, ఇంటికి దూరంగా చేను చివర పాత దుంపల పీపాల వెనక కూర్చున్నారు. అర్మాండ్ ఊదాడు. ఒక కాకి అరిచింది. మళ్ళీ ఊదాడు. కాకి లేచిపోయింది.

మంగళవారం పక్కింటి కుక్క వచ్చింది. బుధవారం అదీ రాలేదు.

"బావా, ఏమనుకోకు," అన్నాడు గిల్మన్. "నీ కూత ప్రేమగా పిలిచినట్టు లేదు. జ్వరమొచ్చిన దూడకి మాత్ర మింగిస్తున్నట్టుంది."

"మూలిగేది నేనా నువ్వా? గాలి వాటం బాలేదురా."

"మూడు రోజులూనా?"

బుధవారం రాత్రి భోజనం దగ్గర అర్మాండ్ అట్టు తుంచి వెన్న రాసుకుని, అలాగే పళ్ళెంలో వదిలేశాడు. క్లోడెట్ చూసి చూసి చెంచా కింద పెట్టింది.

"అర్మాండ్. అది నువ్వు కాదయ్యా. కమోడ్."

"ఏది కమోడ్?"

ఆవిడ చెప్పింది. ముక్కు సంగతీ చెప్పింది. అర్మాండ్ నవ్వాడు, కాదన్నాడు, కోప్పడ్డాడు. తర్వాత లేచి మేకుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించి, పాత బిళ్ళ వెతికి తీసి మళ్ళీ వాల్వులో పెట్టాడు.

గురువారం ఏర్పాటు ఇది. ఆరుంపావుకి అర్మాండ్ పీపాల వెనక బూర ఊదుతాడు, అదే నిమిషంలో ఇంట్లో క్లోడెట్ మీట నొక్కుతుంది. గిల్మన్‌కి తెలియకూడదు. ఏర్పాటు ఏర్పాటులాగే జరిగింది. అడవిలో కొమ్మలు విరిగాయి. నులకమంచాలన్నిటిలోకీ పెద్ద మంచం మోసుకుంటూ ఒక మగ మూస్ చేలోకి దిగింది. గిల్మన్ కంగారులో తుపాకీ కోసం తడుముకున్నాడు. మూస్ వాళ్లకి ముప్ఫై అడుగుల దూరంలోకి వచ్చి, ఇంకా బూర నోట్లోనే పెట్టుకుని ఉన్న అర్మాండ్‌ని చూసింది. పెళ్లివారింటికి వెళ్తూ దారిలో సన్నాయి నేర్చుకుంటున్నవాణ్ణి చూసినట్టు ఒక్క చూపు చూసి, ముందుకి సాగిపోయింది. నేరుగా ఇంటి వైపు. బాత్రూం కిటికీ దగ్గర ఆగి ముక్కు లోపల పెట్టింది.

ఇంటి మీదికి తుపాకీ ఎత్తేందుకు లేదు. గిల్మన్ నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు.

"అర్మాండ్!" అని క్లోడెట్ అరుపు చేనంతా వినబడింది. "నీ చుట్టం వచ్చింది! తీసుకుపో!"

బెదిరిపోయి వెనక్కి జరుగుతుంటే ఆవిడ మోచెయ్యి మీటకి తగిలింది. ఇల్లు మళ్ళీ మూలిగింది. అర్మాండ్ బూర ఆ సమయంలో అర్మాండ్ ఒళ్లో ఉంది. మూస్ కళ్లు మూసుకుని కిటికీ చట్రానికి మెడ రుద్దుకుంది.

గిల్మన్ మెల్లగా బావ వైపు తిరిగాడు. బూర వంక చూశాడు. ఇంటి వంక చూశాడు. పీపా వెనక కూలబడి, చప్పుడు కాకుండా ఉండడానికి టోపీ నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాడు.

"కిందటేడంతా... ఆ ఫొటోలన్నీ... మనసులోంచి రావాలన్నావు కదా బావా!"

"బంకులో చెప్తావా?" అన్నాడు అర్మాండ్. గొంతు నిజంగానే జ్వరమొచ్చిన దూడలా ఉంది.

గిల్మన్ కళ్లు తుడుచుకున్నాడు. "చెప్పకపోతే చచ్చిపోతాను. కానీ ఇంకా రెండు రోజులుంది. శనివారంలోగా నువ్వు, నీ నోటితో, దాన్ని పిలిచావా, ఈ మాట నాతోనే పాతిపెడతా. లేదా ఆదివారం కాఫీ దగ్గర కమోడ్‌కి కుర్చీ వేయిస్తా."

మూస్ ముప్పావు గంట తర్వాత మనసు విరిగి, ఇంటి చాటుగానే వెళ్లిపోయింది. క్లోడెట్ కిటికీ చట్రం మీద గీతలు చూపించి, కొత్త బిళ్ళ వెంటనే వెయ్యాల్సిందే అంది. అర్మాండ్ ఒక్క పూట గడువడిగాడు. తలుపేసుకుని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, మీట నొక్కి విన్నాడు. మళ్ళీ నొక్కాడు. ముప్ఫై ఏడుసార్లు నొక్కాడు. తను ఇన్నాళ్లూ మొదటే గట్టిగా అరిచేవాడు, అది మాత్రం అడగాలా వద్దా అన్నట్టు మొదలుపెడుతుంది. తను పైన ఆగిపోయేవాడు, అది పైకి వెళ్లి అక్కడ వణుకుతుంది. చివర జలజల చప్పుడు సంగతి తనకి తట్టనే లేదు. చిన్నప్పుడు మేనమామ బూర ఊదాక డబ్బాతో వాగులో నీళ్లు పోసేవాడు, ఆడ మూస్ నీళ్లలో నిలబడి ఒంటేలు పోస్తున్నట్టు. ముసలాడికి చాదస్తం అనుకున్నాడు అప్పట్లో. సాయంత్రానికి కమోడ్‌కి ఒక నమస్కారం లాంటిది చేసి, కొత్త బిళ్ళ వేశాడు.

శుక్రవారం చేలో ఏమీ రాలేదు, కానీ అర్మాండ్ కూడా ఊదలేదు. "ఇంకా చదువుకుంటున్నా," అన్నాడు. ఆ సాయంత్రం వెనక షెడ్డులో బంగాళదుంపల బస్తాల మధ్య నిలబడి, మొదటిసారి మొదటినుంచి చివరిదాకా ఊదాడు.

ఇంటి వెనక తలుపు దఢాలున తెరుచుకుంది.

"మళ్ళీ ఆ పాత బిళ్ళే పెట్టావా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

పిండి చేతులతో, ఎర్రబడ్డ మొహంతో గుమ్మంలో క్లోడెట్. అర్మాండ్ బూర వెనక దాచుకోవాలనుకుని, దాచలేక, ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తి గిర్రున తిప్పాడు. ఆవిడ బరువు ఆవిడకి తెలుసు గనక, నడుం జాగ్రత్త అని మాత్రం అంది.

శనివారం పొద్దున చేను మీద తెల్లటి మంచు. పీపా పక్కన ఒక బకెట్టు, ఒక నీళ్ల డబ్బా. గిల్మన్ వాటిని చూసి కనుబొమలెగరేశాడు. అర్మాండ్ బూర ఎత్తాడు. సన్నగా మొదలుపెట్టాడు, పైకి తీసుకెళ్లాడు, అక్కడ వణికించాడు, బొంగురుగా దింపాడు. బూర ఒక చేత్తో పట్టుకునే రెండో చేత్తో డబ్బా వంచి నీళ్లు బకెట్టులోకి జలజలమని పోశాడు.

గిల్మన్ గబుక్కున ఇంటి వైపు తిరిగి చూశాడు. కిటికీలో దీపం లేదు.

"బావా," అన్నాడు గుసగుసగా, "అక్క ఇంట్లో లేచిందా?"

"మీ అక్క ఐదింటికే చర్చి హాలుకెళ్లి అట్లు పోస్తోంది," అన్నాడు అర్మాండ్. "ఇది నేనే."

అడవిలో కొమ్మ విరిగింది. ఇంకొకటి. బొంగురుగా ఒక జవాబు వచ్చింది. మంచులోంచి ముందు కొమ్ములు, తర్వాత భుజాలు బయటపడ్డాయి. ఆ మగ మూస్ ఈసారి ఇంటి వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పీపాల వైపు, అర్మాండ్ వైపే వస్తోంది. గిల్మన్ తుపాకీ భుజానికి ఆనించుకున్నాడు. అర్మాండ్ కళ్లలో నీళ్లు నిండాయి. బూర దించడం మరిచిపోయి ఇంకా మూలుగుతూనే ఉన్నాడు, డబ్బాలో నీళ్లు బకెట్టు అంచు దాటి గిల్మన్ బూట్ల మీదికి పారుతున్నాయి.

"ఇక చాలు బావా," అన్నాడు గిల్మన్ పెదవులు కదలకుండా. "ట్యాంకు నిండింది."