సగం సెలూను

మా బాబాయి జుట్టు కత్తిరించేటప్పుడు ఎవరినీ ఏమీ అడగడు. "ఎలా చెయ్యమంటారు?" అన్న మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. తల అటూ ఇటూ తిప్పి చూస్తాడు, మొదలుపెడతాడు. నచ్చనివాళ్లు అలిగి వేరే సెలూనుకు పోతారు, నెల తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వస్తారు. "మీ మొండితనమే మనల్ని ముంచుతుంది" అని పిన్ని రోజూ సణుగుతుంది. ఇల్లు గడిచేది ఆ ఒక్క సెలూను మీదే కాబట్టి ఆవిడ భయం ఆవిడది.

బాబాయి దగ్గర గడ్డం గీయించుకునేవాళ్లలో మా ఊరి మేయరుగారొకరు. చెడ్డమనిషి కాదు. కాకపోతే ముక్కు మీద ఈగ వాలినా, తోలాలో వద్దో సర్వే చేయించుకుని గానీ చెయ్యెత్తరు. గొడుగు వెయ్యాలా అని జనాన్ని అడిగి తెలుసుకునేసరికి వాన వెలిసిపోతుంది.

ఈలోగా రోడ్డు వెడల్పు పని వచ్చిపడింది. దారి కాస్త వంచితే సెలూను నిలుస్తుందని, మేయరుగారు ఊఁ అంటే చాలని ఇంజనీరు చెప్పాడు. ఆయన ఊఁ అనలేదు, ఊఁహూ అనలేదు. సర్వే చేయించారు. ఊళ్లో సగంమంది ఉంచమన్నారు, సగంమంది కూల్చమన్నారు. ఇంకేముంది, సగం కూల్చేశారు. కుర్చీ రోడ్డున పడింది, అద్దం లోపలే ఉండిపోయింది. మొహం చూసుకోవాలంటే సబ్బు నురగతోనే లేచి గడప దాటి వెళ్లాలి.

మేయరుగారు చూడ్డానికి వచ్చి, గడ్డం కూడా గీయించుకుందామని ఆ కుర్చీలోనే కూర్చున్నారు. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ ఆయన మోకాళ్లను రాసుకుంటూ పోయింది.

"ఎవర్నీ నొప్పించలేదు, చూశావా?" అన్నారు సంబరంగా.

"చూశానండీ. మరి మిగతా సగం?"

"దానికీ సర్వే..."

బాబాయి కత్తి పక్కన పెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి ఇష్టమేమిటని అడిగాడు. "ఊళ్లోవాళ్ల సంగతి వదిలెయ్యండి. మీకేమనిపిస్తోందండీ? ఉంచాలా, కూల్చాలా?"

"నాకా?" మేయరుగారు తెల్లమొహం వేశారు. సగం గీసిన గడ్డం తడుముకున్నారు. "ఈ మాట నన్నింతవరకూ ఎవరూ అడగలేదయ్యా" అని, వెంట వచ్చిన సర్వే అమ్మాయి వైపు తిరిగారు. "అమ్మా, నాకేమనిపిస్తోందో కాస్త కనుక్కో."

ఆ పిల్ల పాపం ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. మా ఇంటికీ వచ్చింది. "ఆ సెలూను గురించి మేయరుగారికి ఏమనిపిస్తోందంటారు?" అని అడిగింది. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలోపే బాబాయి జవాబు చెప్పేశాడు.

"ఆయనకేమీ అనిపించదమ్మా."

ఊరు ఊరంతా అదే చెప్పిందట. మేయరుగారు ప్రజాభిప్రాయాన్ని శిరసావహించారు. తనకేమీ అనిపించడం లేదని పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఏమీ అనిపించనప్పుడు దారి వంచడం దేనికని, మర్నాడే బుల్‌డోజరును పంపించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయి అద్దం చంకన పెట్టుకుని, నేలమట్టమైన గోడల్ని చూస్తూ నిలబడ్డాడు. పిన్ని కొంగుతో కళ్లొత్తుకుని, ఆయన మీద విరుచుకుపడింది.

"మేయరుగారికి ఈ సెలూనంటే ప్రాణమని ఒక్క అబద్ధం ఆడితే మీ సొమ్మేం పోయేదండీ?"