తమ్ముడి సైజు బూట్లు

నాకు గొంతు పెద్దది. మార్కాపురంలో నేను పనిచేసే బడిలో మూడో తరగతికి పాఠం చెబితే అయిదో తరగతి పిల్లలు కూడా నేర్చుకుంటారని మా హెడ్మాస్టరు ఎగతాళి చేస్తారు. ఆ గొంతు చూసే నన్ను టీమ్ లీడర్‌ని చేశారు గాని, నా నడక చూసి కాదు. నా నడక సంగతి మా ఆయనకు బాగా తెలుసు. తన పలకల దుకాణంలో కూర్చుని పకపకా నవ్వి, "కూరగాయలకు పోవాలంటేనే ఆటో పిలుస్తావు, గిద్దలూరు నుంచి బేస్తవారిపేట దాకా రాత్రంతా నడుస్తావా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి ఆ పూటే పేరిచ్చేశాను.

ఆ నడక కిడ్నీ జబ్బువాళ్ళ కోసం. మా వైపు ఏ ఊరికి పోయినా ఆ జబ్బుతో ఒకరైనా కనిపిస్తారు. నీళ్ళ వల్ల అని కొందరంటారు, నొప్పి మాత్రల వల్ల అని కొందరంటారు. ఏదైతేనేం, డయాలసిస్ మొదలైందంటే మనిషి బతుకు ఆస్పత్రికీ ఊరికీ మధ్య తిరగడంతోనే సరిపోతుంది. అక్కడ వైద్యానికి డబ్బు తీసుకోరు, అక్కడికి చేరడానికే పెట్టుకోవాలి. ఆ దారి ఖర్చుల కోసం మార్కాపురంలో కొందరు కుర్రాళ్ళు, ఒక డాక్టరు కలిసి చందాలు పోగుచేసి ఈ నడక పెట్టారు. పగలు మా ఎండలో నడిపిస్తే కొత్త రోగులు తయారవుతారని రాత్రి పెట్టారు.

సాయంత్రం గిద్దలూరులో షామియానా, మైకు, గెలలకు గెలలు అరటిపళ్ళు. ఆడవాళ్ళ జట్టుకు నేను లీడర్‌ని. మెడలో కార్డు, చేతిలో టార్చి, ఒక ఈల. ముందు పరుగెత్తేవాళ్ళను ఆపడం, వెనకబడ్డవాళ్ళను అదిలించడం, ఎవరికైనా కళ్ళు తిరిగితే మా వెనకే వచ్చే ఆటోలో ఎక్కించడం నా పని. నడిచేవాళ్ళ ఇళ్ళలో నా ఫోన్ నంబరు ఇచ్చి ఉంచారు. బయలుదేరే ముందు డాక్టరుగారు మైకు నా చేతికిచ్చి నినాదం చెప్పించమన్నారు. "మీ ప్రతి అడుగూ ఒక ప్రాణం!" అని అరిచాను. రైల్వేస్టేషను దాకా వినబడి ఉంటుంది. జనం చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే అనిపించింది.

ఎవరో దాత నడిచేవాళ్ళందరికీ గుడ్డ బూట్లు కొనిచ్చారు. అవి నేనే పంచుతున్నాను. ఒకామె వచ్చి, "మగోళ్ళయి ఇయ్యి టీచరమ్మా. అన్నిటికంటే పెద్దయి చూసి ఇయ్యి" అంది. యాభై దాటిన మనిషి. చేతికర్ర పట్టుకున్న తీరులోనే గొర్రెలు కాసే ఇంటి మనిషని తెలిసిపోతోంది. పాదాలు చూస్తే చిన్నపిల్ల పాదాల్లా ఉన్నాయి.

"ఇవి మీ కాళ్ళకేనా అక్కా?" అన్నాను.

"నాకెందుకమ్మా? నేను వట్టి కాళ్ళతోనే నడుస్తా. మా తమ్మునికి. వాని కాళ్ళు ఉబ్బి ఉండాయి, మామూలు సైజు పట్టదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నడిచేవాళ్ళకిచ్చిన బూట్లు ఇవి. ఇంటికి మోసుకుపోవడానికి ఇదేమన్నా సంతా? బూట్లు లేకుండా నా జట్టులో ఒక్కరు కూడా నడవడానికి లేదు" అని గట్టిగా కేకలేశాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "వాడూ నడుస్తాడులే, వచ్చే యేడు" అని తానే అట్టపెట్టెలో చెయ్యిపెట్టి పెద్ద జత వెతికి తీసుకుంది. లేసులు రెండూ కలిపి ముడివేసి మెడలో తగిలించుకుంది. వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. అప్పటికే జనం కదిలిపోతుండడంతో నేను పళ్ళు నూరుకుంటూ ఈల ఊదాను.

ఊరు దాటాక ఆమె నా పక్కకు వచ్చింది. నా కోపం ఇంకా తీరలేదు, అయినా ఆమె చెప్పుకుంటూ పోతుంటే వినక తప్పలేదు. వాళ్ళది బేస్తవారిపేట దాటాక మార్కాపురం దారిలో ఒక పల్లె. తమ్ముడు దోగాడే వయసులో వాళ్ళమ్మ పోయింది. వాణ్ణి చంకనేసుకునే గొర్రెల వెంట తిరిగిందట. పెళ్ళయి వెళ్ళింది, మొగుడు పోయాక మళ్ళీ తమ్ముడి ఇంటికే వచ్చింది. "మరదలు మంచిదే, నన్నొక మాట అనదు" అని ప్రత్యేకంగా చెప్పింది. ఇప్పుడు ఆ తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నాడు. ఈమధ్య అన్నం సయించడం లేదు.

"శివరాత్రికి అడవిలోబడి శ్రీశైలం నడుస్తానని మొక్కుకుందామనుకున్నా. మోకాళ్ళు ఒప్పలేదు. అప్పుడే మా ఊళ్ళోకి మైకు కట్టుకొని ఆటో వచ్చింది. ప్రతి అడుగూ ఒక ప్రాణమని చెప్పినారు. ఇదేదో వాని కోసమే వచ్చినట్టుందే అనుకున్నా. దేవర ముందర దీపం పెట్టి మాటిచ్చినా. గిద్దలూరులో నేల మీద పెట్టిన కాలు బేస్తవారిపేట దాకా బండి మీద పెట్టనని."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అక్కా, అది చందాల కోసం అనే మాట. పదిమందీ నడిస్తే నాలుగు డబ్బులు వస్తాయి, ఆ డబ్బుతో రోగులకు సాయం చేస్తారు. అంతే తప్ప అడుగుకో ప్రాణమని కాదు" అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది. "మైకులో చెప్పింది నువ్వే గదా?"

టార్చి ముందుకు వేసి, "నడువక్కా" అన్నాను.

మొదట్లో హుషారుగానే సాగింది. ఒకామె అత్తను అనుకరిస్తూ మాట్లాడుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. పడమర వైపు నల్లమల నల్లగా కనిపిస్తోంది. కంది కోసేసిన చేల మీదుగా చలిగాలి ఈడ్చి కొడుతోంది. లారీ వచ్చినప్పుడల్లా నేను ఈల ఊది అందర్నీ రోడ్డు పక్కకు తోలుతున్నాను. కాసేపటికే నా మడమల్లో బొబ్బలు లేచాయి. "లీడరమ్మ కుంటుతాంది, ఆటో పిలవండే!" అని మెడలో బూట్లామె ఆటపట్టిస్తే జట్టు మొత్తం గొల్లుమంది. నేను కూడా నవ్వేశాను.

రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాం. అందరూ కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నారు. ఆమె ఒక్కతే కర్ర మీద బరువు వేసి నిలబడి తాగుతోంది. అప్పుడు నా ఫోన్ మోగింది. ఆమె మరదలు.

"మేడమ్, మా వదినను ఎట్లన్నా తొందరగా పంపించండి. ఆయనకు సీరియస్‌గా ఉందని చెప్పండి."

మా వైపు ఫోన్లో ఎవరూ చనిపోరు. సీరియస్ అవుతారు. మా నాయన పోయినప్పుడు నాకూ ఇట్లాగే చెప్పారు, నేనూ ఎందరికో ఇట్లాగే చెప్పాను. విన్నవాళ్ళకు సంగతి అర్థమైపోతుంది. అర్థం కానట్టే బస్సెక్కి, ఇల్లు చేరాక ఏడుస్తారు. దారిలో మనిషి కూలబడకుండా ఉండడానికి అందరం కలిసి ఆడే అబద్ధం అది. మరదలి గొంతు వెనక ఆడవాళ్ళ ఏడుపులు వినబడుతున్నాయి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. "రోడ్డు మీద మాత్రం చెప్పొద్దు మేడమ్, అక్కడే ప్రాణం వదిలేస్తది" అని ఫోన్ పెట్టేసింది.

ఆటో డ్రైవరుకు సైగ చేసి, ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. తమ్ముడికి కొంచెం సీరియస్‌గా ఉందంట. ఆటో ఎక్కు, నేనూ వస్తా."

ఎవరి మొహమైనా ఆ మాటకు తెల్లబోతుంది. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, కొంగు నడుముకు బిగించి కట్టుకుంది.

"సీరియస్‌గా ఉంటే నన్ను బండెక్కమంటావేంది? ఇప్పుడే గదా నడవాల్సింది. ఇప్పుడు నేను నేల వదిలితే వాడేం కావాల?"

"అక్కా, నిన్ను చూడాలంటున్నాడంట."

"చూస్తాడు. తెల్లారేపాటికి పోతా గదా. ఇంటివైపేగదా నడిచేది." అని అందరికంటే ముందు రోడ్డెక్కింది. ఇంతవరకు వెనకబడి నడిచిన మనిషి, ఇప్పుడు కర్ర ఠకఠకలాడిస్తూ పోతోంది.

జట్టులో వాళ్ళు నా మొహం చూసే కనిపెట్టేశారు. ఒకామె గుసగుసగా, "నలుగురం పట్టుకొని ఆటోలో ఎక్కిద్దాం మేడమ్" అంది. పట్టుకొని ఎక్కిస్తే రేపటి నుంచి ఆమె ఏమనుకుంటుంది? తాను నేల వదిలింది, తమ్ముడు పోయాడు అనుకుంటుంది. చచ్చేదాకా అట్లాగే అనుకుంటుంది. పోనీ నిజం చెబుదామా అంటే, చుట్టూ చీకటి, లారీలు, కనుచూపు మేరలో ఒక ఇల్లు లేదు. నిర్వాహకులకు ఫోన్ చేశాను. "కొంచెం మేనేజ్ చెయ్యండి మేడమ్" అన్నాడు అవతల కుర్రాడు. ఛీ, ఆ మాటకు వచ్చిన కోపం ఈ రోజుకూ తగ్గలేదు. ఏం మేనేజ్ చెయ్యమంటాడు నన్ను?

చివరికి నేనేమీ చెయ్యలేదు. ఆమె పక్కన నడిచాను. ఆటో మా వెనక మెల్లగా వస్తూనే ఉంది.

ఆ తర్వాత జట్టులో ఒక్కరూ నోరు విప్పలేదు. అత్తను అనుకరించినామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడుస్తోంది. బూట్లామెకే ఆ నిశ్శబ్దం నచ్చలేదు. "ఏందే అందరూ మూగోళ్ళయిపోయినారు? కాళ్ళు నొప్పా? మా తమ్ముడు వారానికి మూడుమార్లు చేతికి సూదులు పొడిపించుకుంటాడు, ఒక్కనాడు అమ్మా అనడు" అంది. వాడు చిన్నప్పుడు పెరుగు కుండలో తల ఇరికించుకున్న కథ చెప్పింది. కుండ పగలగొట్టి తల బయటికి తీస్తే, ఏడవకుండా మూతి నాక్కున్నాడట. చెబుతూ తనే నవ్వుకుంది. నవ్వకపోతే అనుమానం వస్తుందని నేనూ నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకచోట చేనిలో గొర్రెల మంద పడుకుని ఉంది. కుక్కలు మొరిగాయి. కంబళి కప్పుకున్న కాపరి లేచి, "ఎవురమ్మా, ఈ యాళప్పుడు ఇంతమంది?" అని అరిచాడు.

"మా తమ్మునికి బాగలేదు నాయనా, వాని కోసం నడుస్తాండాం!" అని ఆమె అంతే గట్టిగా జవాబిచ్చింది. మేమందరం తన తమ్ముడి కోసమే నడుస్తున్నామని ఆమె నిజంగానే అనుకుంటోంది. టీ కొట్టు దాటాక అది నిజం కూడా అయింది. మాలో ఎవరికీ ఇక వేరే ఆలోచన లేదు.

"మంచి జరుగుతాదిలే తల్లీ" అన్నాడు కాపరి.

"జరగాల" అంది ఆమె. మెడలో బూట్లు ఒకదానికొకటి తగులుతూ ఊగుతున్నాయి.

తెలతెలవారుతుండగా బేస్తవారిపేట చేరాం. అక్కడా షామియానా, అక్కడా మైకు. డాక్టరుగారు దండలు వేసి, నినాదం చెప్పించమని నాకు మైకు అందించారు. నేను మైకు తిరిగి ఆయన చేతిలోనే పెట్టేశాను. అలిసిపోయారనుకుని మైకు ఇంకెవరికో ఇచ్చారు. ఆమె ఒక పక్కకు వెళ్ళి వంగి, నేలను తాకి కళ్ళకద్దుకుంది. అరికాళ్ళ పగుళ్ళలో రక్తం ఎండి మట్టితో కలిసిపోయి ఉంది.

"ఇప్పుడెక్కుతా పా. సీరియస్ అంటివి గదా, చూద్దాం వాని సంగతి" అని తనంతట తానే ఆటో ఎక్కింది. దారంతా ఆమె మొహంలో అలసట లేదు. పెద్ద పని ఒకటి ముగించినట్టు తేటగా ఉంది. బూట్లు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, వాటిమీద దుమ్ము కొంగుతో తుడుస్తూ కూర్చుంది. "వానికి చూపిస్తే తిడతాడు, నడవలేనోనికి బూట్లెందుకక్కా అంటాడు" అంది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

పల్లెలోకి మలుపు తిరగ్గానే ఇల్లు కనిపించింది. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు, మగవాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. గుమ్మం పక్కన కుండలో నిప్పు రాజేసి ఉంది, దానిలోంచి పొగ లేస్తోంది. ఆ నిప్పు ఎందుకు పెడతారో మా వైపు ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆటో ఆగింది. ఆమె చేతులు బూట్ల మీద అట్లాగే ఆగిపోయాయి.

ఆమె ఏడవలేదు. నా వైపు తిరిగి, "ఎప్పుడు?" అంది.

ఇప్పుడే, తెల్లవారాక అని చెప్పి ఉండొచ్చు. కాని సీరియస్ అన్న మాట రాత్రంతా నోట్లో పెట్టుకుని నడిచాను, ఇంకొక అబద్ధం నా నోటికి రాలేదు. "టీ తాగినాం గదా అక్కా. అప్పటికే" అన్నాను.

ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా, కోపం లేకుండా, ఏదో తెలియని సంగతి కనుక్కుంటున్నట్టు అడిగింది.

"అయితే టీ కొట్టు కాడి నుంచి నడిచిందంతా ఎవురికి టీచరమ్మా?"

ఒక కాలు ఆటోలో, ఒక కాలు కింద పెట్టి ఆగింది. లోపలి నుంచి మరదలు ఏడుస్తూ పరుగెత్తుకొస్తోంది. ఆమె అటు చూడలేదు. జవాబు కోసం నా మొహమే చూస్తూ నిలబడింది. మైకులో చెప్పింది నేనే కదా.