వెంకటప్పయ్య మంచం చూసిన వైనం

చండ్రుగొండ దాటి అడవి అంచుకు పోయే దారిలో ఉన్న ఆ ఊళ్ళో, వెంకటప్పయ్యను మోసం చేసిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఈ మాట ఆయనే చెప్పుకుంటాడు, ఊరు కూడా కాదనదు. తండ్రి కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి రాళ్ళ చెలక కొంటే, దాన్ని మిరప తోట చేసింది వెంకటప్పయ్య. ఊరి బడిలో ఏడో తరగతితో ఆగిన చదువుకు ఆయన ఏనాడూ చిన్నబోలేదు. చదువు లేని చోట అనుమానం పనికొచ్చిందనేవాడు.

విత్తనాల పొట్లం ఎంత పేరున్న కంపెనీదైనా సరే, గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలక చూశాకే కొనేవాడు. ఒక ఏడాది ఆ మూటలో మొలక రాలేదు. పొట్లాలు అమ్మొచ్చిన మనిషికి చాయ్ తాగించి మరీ బస్సెక్కించాడు. ఆ విత్తనాలే కొని పక్క ఊళ్ళు మునిగిన ఆ ఏడు ఈ ఊరు నిలబడింది. బోరు వేస్తుంటే బండి పక్కనే కుర్చీ వేసుకుని, లోపలికి దిగే ప్రతి రాడ్డునూ కళ్ళారా చూసేవాడు. ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలకన్నా ముందు కాంటా మీద తానే ఎక్కేవాడు, తన బరువు తనకు తెలుసు గనక. ఉత్తమ రైతని మండలంలో శాలువా కప్పితే, వేదిక దిగకముందే దాన్ని ఎండకు ఎత్తిపట్టి నేత చూశాడు.

ఇంతటి మనిషి విచారించకుండా నమ్మేది ఒక్కరి మాటనే. భార్య పద్మావతమ్మ మాట. ఆమె పాలు చిక్కగా ఉన్నాయంటే చిక్కగా ఉన్నట్టే. ఆమె ఫలానా మనిషి మంచివాడంటే, ఆ మనిషి మీద ఆయన అనుమానం ఒక మెట్టు దిగేది.

ఆ పద్మావతమ్మ, మొన్న మబ్బు పట్టిన పూట కల్లంలో ఆరబెట్టిన మిరపకాయల మీద పట్టా లాగబోయి జారిపడింది. తుంటి విరిగింది. ఖమ్మంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "తల వైపు లేచే మంచం, గాలి పరుపు తెచ్చుకోండి. ఒకే తీరున పడుకుంటే వీపు పుండ్లు పడుతుంది" అని చెప్పాడు.

వెంకటప్పయ్య గుమ్మం దాటకముందే కోడలు నాగలతను పక్కకు పిలిచాడు.

"మంచం సంగతి ఈ డాక్టరుకెందుకు? ఆయనకు మంచాల దుకాణం గిట్ల ఉందా?"

"ఆయనకు లేదు మామయ్యా. కొత్తగూడెంలో మా పిన్ని కొడుకు కోటేష్‌కు ఉంది. అక్కడ చూద్దాం."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని నాగలత తర్వాత చాలాసార్లు అనుకుంది. డాక్టరు మీది అనుమానం అక్కడికక్కడే ఆమె మీదికి మళ్ళింది.

కొత్తగూడెంలో కోటేష్ మర్యాదగా కుర్చీ వేశాడు. వెంకటప్పయ్య కూర్చోలేదు. తెల్లగా మెరుస్తున్న ఇనుప మంచం దగ్గరకు పోయి, ఓ మూల బొటనవేలి గోటితో గీరాడు. తెల్లరంగు కింద ఆకుపచ్చ రంగు బయటపడింది.

"ఏంది కోటేషూ, ఇది ఇంతకుముందు ఎవరిది?"

"కిరాయికిచ్చేది మామయ్యా. తిరిగొచ్చినంక మళ్ళ రంగేస్తం."

"తిరిగొచ్చిందా, తిరిగి తెచ్చుకున్నవా? దీని మీద ఎవరు పోయిండ్రు?"

"అట్లంటే ఎట్ల మామయ్యా? దీని మీదకెళ్ళి లేచి నడిచినోళ్ళు కూడ ఉన్నరు."

"వాళ్ళ పేర్లు చెప్పు. పోయి అడుగుత."

కోటేష్ కొత్త మంచం చూపించాడు. మీట నొక్కితే తల వైపు దానంతట అదే లేచింది. వెంకటప్పయ్య నవ్వాడు. "గాలిదుమారం వస్తే మా ఊళ్ళ కరెంటు ఎన్నడొస్తదో నీకెరుకేనా? మా ముసల్దాన్ని అట్ల నిలబెట్టే ఉంచమంటవా?" చేత్తో పిడి తిప్పే మంచం చూపిస్తే, దానికి చక్రాలెందుకు, ఎక్కడికి ఉరుకుతదని అడిగాడు. గాలి పరుపు చూపిస్తే, గాలిని కూడా అమ్ముతున్నారా అన్నాడు.

అలా ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పోయి చూశాడు, మళ్ళీ మళ్ళీ వట్టి చేతుల్తో వచ్చాడు. వచ్చినప్పుడల్లా వసారాలో నులక మంచం మీద పడుకున్న భార్యను అడిగేవాడు.

"ఏమే, వీపు నొప్పిగిట్ల ఉందా?"

"నాకేం నొప్పి లేదయ్యా. ఈ నులక మంచమే చల్లగ ఉంది. ఇనుప మంచమెందుకు, దండుగ."

అంతే. పద్మావతమ్మ లేదన్నాక లేనట్టే. ఆయన వసారా మెట్టు మీద కూర్చుని, కోడలికి వినపడేలా, "కొందరికి చుట్టాల బేరం మీద ఉన్న ధ్యాస చుట్టాల మీద ఉండదు" అనేవాడు. నాగలత తల వంచుకుని లోపలికి పోయేది. కొడుకు జయప్రకాశ్ సర్దిచెప్పబోయి, "అత్తాకోడళ్ళ మధ్య లేని తగువు నీకెందుకు నాన్నా?" అంటే, "నీ కళ్ళకు కనపడదురా" అనేవాడు.

కొన్నాళ్ళకు ఆయనకు ఇంకోటి కనపడింది. పనికొచ్చే ముత్తక్క, నాగలత కలిసి రోజూ పొద్దున పద్మావతమ్మకు ఒళ్ళు తుడుస్తారు. ఇదివరకు వసారాకు చీర అడ్డం కట్టి తుడిచేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరూ మంచంతో సహా లోపలి గదిలోకి మోసుకుపోయి తలుపు వేస్తున్నారు. లోపల గుసగుసలు. బయటికొచ్చేటప్పుడు ముత్తక్క చేతిలో గుడ్డలు కొంగు చాటున దాస్తోంది. ఆయనను చూసి చూపు తప్పిస్తోంది.

ఇంకేముంది, వేలిముద్రలన్నా వేయించుకుంటున్నారు, మెడలో గొలుసన్నా తీయించుకుంటున్నారనుకున్నాడు. మర్నాడు చేనుకు పోతున్నట్టు చెప్పులేసుకుని గేటు దాకా పోయి, చెప్పులు చేత పట్టుకుని గోడ వెంట తిరిగొచ్చి, గది కిటికీ పక్కన నిలబడ్డాడు. రెక్క సందులోంచి చూశాడు.

పద్మావతమ్మను పక్కకు తిప్పి పట్టుకుని ఉంది ముత్తక్క. నడుము కింద అరచేతి మేర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. నాగలత దూదితో అద్దుతుంటే పద్మావతమ్మ పైట చెంగు పళ్ళ మధ్య కరిచిపట్టుకుంది. అయిపోయాక చెంగు వదిలి అంది:

"ఆయనకు మాత్రం చెప్పకండే."

"ఎన్నాళ్ళని దాస్తం అత్తయ్యా? ఇది లోతుకు పోతోంది. జ్వరం తగిలితే ఎవరి మీదికొస్తది?"

"చెప్తే రేపే ఆ ఇనుప మంచం దింపుతడు. గాలి పరుపు మోటారుకు ప్లగ్గుందని మీ ఆయన వెనకింట్లో వేద్దామన్నడు, నేను వినలేదనుకున్నవా? మనూరి హాతీరాం వాళ్ళమ్మను గట్లనే వెనకింట్లో వేసిండ్రు. దాని మీదికి ఎక్కినంక మనిషిని చూడ్డానికి ఎవరూ రారమ్మా, మంచాన్ని చూడ్డానికొస్తరు. ఈడైతే దారెంబడి పోయేటోళ్ళు ఓ మాటన్నా పలకరిస్తరు."

"పెద్దయ్య అడిగితే?" అంది ముత్తక్క.

"లేదని చెప్త. నేను చెప్తే నమ్ముతడు. నేను చెప్తేనే నమ్ముతడు."

కిటికీ పక్కన వెంకటప్పయ్య చేతిలోంచి చెప్పు జారింది. లోపల ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు. ఆయన పశువుల కొట్టం వైపు నడిచాడు. ఎంతకీ రాకపోతే నాగలతే వెతుక్కుంటూ వెళ్ళింది.

"ఎన్నాళ్ళయిందమ్మా?"

"మీరు రెండోసారి కొత్తగూడెం పోయొచ్చినప్పుడే ఎర్రబడ్డది మామయ్యా."

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"చెప్తే మా తమ్ముడి బేరం కోసం చెప్పిననేటోళ్ళు."

వెంకటప్పయ్య గడ్డిపోచ తుంచి, మళ్ళీ తుంచి, లేచాడు. తువ్వాలు తీసి వసారా గోడకూ స్తంభానికీ మధ్య పరిచి కొలిచి, కొసన ముడి వేసుకున్నాడు. కరెంటు పని చేసే వీరబాబును పిలిచి, వసారాలోకి తీగ లాగి ప్లగ్గు పెట్టమన్నాడు. చెప్పులు సరిగ్గా తొడుక్కుని, నాగలతను వెంటబెట్టుకుని, కొత్తగూడెం బస్సెక్కాడు.

దుకాణంలో ముందు తువ్వాలు పరిచి మంచం వెడల్పు చూశాడు. తర్వాత చొక్కా విప్పి చేతిపిడి మంచం మీద తానే పడుకున్నాడు.

"తిప్పు కోటేషూ. మెల్లగ తిప్పు, బోరు పంపు కాదు."

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన ఎవరినీ లెక్కచేయలేదు. తల లేపించాడు, దింపించాడు, పక్కనుండే ఊచలు వేయించి తీయించాడు. కాళ్ళు కిందికి వేలాడేసి నేలకు ఆనాయో లేదో చూసుకున్నాడు. "నాకు ఆనుతున్నయి. ఆమె నాకన్న పొట్టి. ఇంకా కిందికి దిగేది చూపించు." గాలి పరుపు మీద వీపు ఆనించి, గాలి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంటే అరచేత్తో తడిమి తెలుసుకున్నాడు.

"అంత కిందికి దిగే మంచం ఇదొక్కటే. ఇది వాడింది మామయ్యా, ముందే చెప్తున్న" అన్నాడు కోటేష్.

"చెప్పినవు గద. కట్టు బండికి" అన్నాడు వెంకటప్పయ్య.

మర్నాడు వసారాలో మంచం వేసి, ఊరి నర్సమ్మను పిలిపించి పుండుకు కట్టు కట్టించారు. ఊరంతా చూసిపోయింది. నిజంగానే చాలామంది మంచాన్నే చూశారు. కానీ దారి ఎదురుగా తల ఎత్తి కూర్చున్న పద్మావతమ్మ వాళ్ళను ఊరికే పోనివ్వలేదు. ఒకామెను పురిటికొచ్చిన కూతురి సంగతి అడిగింది, ఇంకొకడిని తాగుడు మానావా లేదా అని నిలదీసింది.

జనం పల్చబడ్డాక వెంకటప్పయ్య దగ్గరకొచ్చాడు.

"ఎట్లుందే?"

"హాయిగ ఉందయ్యా. నొప్పే లేదు."

వెంకటప్పయ్య వసారాకు చీర అడ్డం లాగాడు. "నాగలతా, ఇటు రామ్మా. మీ అత్తయ్యను ఓ పక్కకు తిప్పు" అంటూ జేబులోంచి కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఓయమ్మో! నా మాట మీద గూడ అనుమానమేనా?"

"అవ్. ఇగ నుంచి నీ మీదనే" అని ఆయన వంగి చూశాడు.