పోగు తెగిన చోట

పత్రిక ఉద్యోగం మానేశాక నాకు మిగిలిన అలవాటు ఒకటే. పొద్దున్నే ఎక్కడెక్కడి నుంచో వచ్చినవన్నీ తిరగేసి, బాగున్నదాన్ని పక్కన పెట్టుకోవడం. ఒకప్పుడు అవి ఏజెన్సీ వార్తలు, ఇప్పుడు పాటలు. చిన్న చిన్న సంగీత బ్లాగుల్లో ఎవరు ఏ కొత్త పాట గురించి రాసినా తెచ్చి ఒకేచోట పేర్చే సైటు ఒకటుంది. ఏ కంపెనీ అండా లేకుండా ఇంట్లో కూర్చుని పాడుకున్నవాళ్ల పాటలే అందులో ఎక్కువ. మన్సూరాబాద్‌లో మా వరండాలో కాఫీ తాగుతూ ఒక్కో పాటా కాసేపు వింటాను. చాలావరకు నిలవవు. పత్రిక డెస్కులో వార్తలూ అంతే.

“మీ పాటలకు భయపడి పాలబ్బాయి గేటు దగ్గరే ప్యాకెట్లు విసిరేసి పోతున్నాడండీ,” అంటుంది మా ఆవిడ.

మా కింది వాటాలో పోచంపల్లి నుంచి వచ్చిన నేత కుటుంబం ఉంటుంది. వాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. తండ్రి సరుకు కోసం తిరుగుతుంటే తల్లీ కూతురూ కొట్లో కూర్చుంటారు. కూతురికి గిటార్ పిచ్చి. నా పాటలు వినీ వినీ ఆ సైటు సంగతి అడిగి తెలుసుకుంది.

ఒకరోజు సైట్లో పైవరసలోనే ఒక పాట. మాటల్లేవు. ఒకామె కూనిరాగం, వెనక మెల్లగా గిటార్. మధ్యలో రాగం ఠక్కున ఆగింది, గిటారూ ఆగింది. కాసేపటికి ఆగిన స్వరం దగ్గరే మళ్లీ మొదలైంది. ఏదో దూరదేశపు బ్లాగరు ఆ మౌనాన్ని తెగ మెచ్చుకున్నాడు. పాటను అంత ధైర్యంగా ఆపగలిగేవాళ్లు అరుదన్నాడు. అతణ్ని చూసి మరికొందరు రాశారు.

ఆ గొంతు నాకు తెలుసు. కింది వాటాలోంచి రోజూ వినేదే.

అంతలో కూతురు పైకొచ్చింది. “అంకుల్, విన్నరా?”

“విన్నానమ్మా. మీ అమ్మే కదా?”

“అమ్మకింకా తెల్వదు. ఊర్ల ఉన్నప్పుడు ఆసు పోసుకుంట పాడుతుంటే ఫోన్ల పట్టిన. మొన్న గిటార్ కలిపి నెట్ల పెట్టిన. నేను చేసినవాట్ల మంది విన్నది గిదొక్కటే. ఆమె గొంతు గదా, వద్దంటే తీసెయ్యాల్సిందే. పరేషాన్ అయితుంది. చెప్పేటప్పుడు మీరు జర పక్కన ఉండుండ్రి.”

ఆసు పోయడమంటే, రంగులద్దే ముందు పట్టు పోగును అర్ధచంద్రంలా గుచ్చిన మేకుల మధ్య అటూ ఇటూ తిప్పి చుట్టడం. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు తిరగాలి. ఆ తల్లి భుజం ఆ పనికే అరిగిపోయింది. పట్నం వచ్చాక ఆసు మానేసింది, కూనిరాగం మానలేదు.

ఎల్బీనగర్‌లో షేర్ ఆటో ఎక్కి మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. కోచింగ్ పిల్లలు క్లాసుల్లోకి పోయి రోడ్డు పలచబడ్డ వేళ.

“ఏంది సారూ, మీ ఇంట్ల అమ్మకు చీరనా? ఆమెనే తోల్కరాకపోయినవు. నీ సెలక్షన్ పోయినసారి చూసినం గదా,” అంది తల్లి.

కూతురు ఫోనులో పాట పెట్టింది.

“గిది నేనే గదనే! ఎప్పుడు పట్టినవే దొంగదానా?” తల్లి ముఖం విప్పారింది. రాగం ఆగిన చోటు రాగానే ముడుచుకుంది. “బంద్ చెయ్యి. తీసెయ్యి దాన్ని.”

“మంచిగనే ఉందమ్మా, అందరు నీ గొంతు...”

“గొంతు సంగతి ఎవరడిగిన్రే! గక్కడ పోగు తెగింది. తెగిందాన్ని లోకానికి చూపెడ్తవా? మనూరోళ్లు వింటే ఏమంటరు?”

“చెల్లెమ్మా, ఎక్కడో దూరదేశంలో ఒకాయన దీని గురించి రాశాడు. ఆయనకూ, విన్నవాళ్లందరికీ నచ్చింది ఆ చోటే,” అన్నాను.

“తెగినకాడ మురుస్తరా సారూ ఎవరన్న? చీర గట్ల కొంటరా?”

“పోనీ, గా ముక్క కోసేసి అతికిస్తనే,” అంది కూతురు. తల్లి ఒక చీరను ఒళ్లోకి లాక్కుంది. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. పాట తీసేయడానికి వేలు ఫోను మీదికి పోయింది.

“ఆగు. ఇంకోపారి పెట్టు.”

ఈసారి తల్లి కళ్లు మూసుకుని విన్నది. రాగం ఆగగానే, ఒళ్లో ఉన్న చీర మీద ఆమె రెండు చేతులూ లేచాయి. కనపడని రెండు కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, మెలిపెట్టి, లాగి చూశాయి. చేతులు దిగేసరికి ఫోనులో రాగం మళ్లీ అందుకుంది.

“ముడి పడ్డది,” అంది తనలో తాను. తర్వాత కూతురితో, “కోసి అతికిస్తే ముడి ఉండదు, మోసం ఉంటది. ఉండనియ్యి గట్లనే.” నావైపు తిరిగింది. “సారూ, నువ్వు పేపరోనివి గదా, దీని గురించి రాసిన గా దూరదేశపాయనకు రాయి. గది ఊకె ఆగింది కాదు, పోగు తెగింది. తెగిందని రాసి ఊకోకు, ముడేసిన్నని గూడ రాయాలె.”

ఉద్యోగంలో సవరణలు చాలా రాశాను. అన్నీ లోపలి పేజీలో, ఏ మూలో, చిన్న అక్షరాల్లో. ఆసును ఇంగ్లిష్‌లో చెప్పడానికి మాత్రం ఒక పూట పట్టింది. ఆ బ్లాగరు మంచివాడు, సవరణను కింద కాదు, వ్యాసం నెత్తిన పెట్టాడు. ఆ సైటు ప్రతి బ్లాగు నుంచీ మొదటి రెండు వాక్యాలే తెచ్చి చూపిస్తుంది. అందుకని మర్నాడు పాట కింద అందరికీ కనిపించినవి సవరణలోని రెండు వాక్యాలే.

కూతురు వాటిని కొట్లో తెలుగు చేసి వినిపించింది. పోగు తెగింది. ఆమె ముడి వేసి మళ్లీ మొదలుపెట్టింది.

“మొదలు తెగుడు, ఎన్క ముడి. వరస తప్పలే,” అని తల్లి చీర మడతపెట్టడంలో పడింది.